అంపైరు సార్ కాలికట్టు

సోమవారం పొద్దున మల్లికార్జున్ వేసుకున్న పథకంలో ఎవరి కాలూ విరగాల్సిన అవసరం లేదు. టీ తాగాలి, బడికి వెళ్లాలి, మైదానంలో పరుగుపందెం గీతలు గీయించాలి. ఆదివారం తాండూరు వెళ్లి కబడ్డీ ఫైనల్‌ను నీడలో కూర్చుని, మిరపకాయ బజ్జీలు తింటూ, ఏ బాధ్యతా లేకుండా చూడాలి. అంతే.

అతను వికారాబాద్‌లో ఒక హైస్కూలు పీటీ సార్. కబడ్డీ అంపైరుగా పరీక్ష పాసైనవాడు. ఈ టోర్నమెంటులో లీగ్ మ్యాచ్‌లన్నిటికీ తనే విజిల్ ఊదాడు. ఫైనల్‌కు మాత్రం హైదరాబాద్ నుంచి పెద్ద అంపైరు వస్తున్నాడు. మల్లికార్జున్‌కు ఆ పెద్దమనిషి మీద దేవుడి మీద ఉన్నంత భక్తి ఉంది. ఎందుకంటే ఫైనల్‌కు చేరిన జట్లు రెండు: యాలాల్, దోమ. యాలాల్ అతని సొంత ఊరు, కెప్టెన్ అతని తమ్ముడు మల్లేశ్వర్. దోమ అతని అత్తగారి ఊరు, కెప్టెన్ అతని బామ్మర్ది చంద్రకాంత్.

"ఆటల లోకంల అన్నిటికన్న కష్టమైన కొలువు ఏదో ఎర్కేనా?" టీ గ్లాసు పట్టుకుని భార్య కరుణను అడిగాడు.

"ఎర్కే. ఎర్రమట్టిల పొర్లొచ్చినోని బట్టలు ఉతుకుడు."

"అది కాదే. కోచ్ కొలువు. గెలిస్తె పిల్లగాండ్లు గెలిచిండ్రంటరు. ఓడితె కోచ్ ఓడగొట్టిండంటరు."

"మరి అంపైరుది?"

"అంపైరుకేముంది? కండ్లు, ఒక విజిల్ ఉంటె చాలు."

ఆ మాట అని గ్లాసు కింద పెట్టాడో లేదో ఫోన్ మోగింది. కొన్ని ఫోన్లు మోగే తీరులోనే తెలిసిపోతుంది, మంచి కబురు కాదని. చేసింది బాషా. తాండూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే యూనిట్ నడుపుతాడు. టోర్నమెంటుకు కార్యదర్శి. టెంటు నుంచి మైకు దాకా అన్నీ అతని నెత్తి మీదే.

"సలాం సార్. జర పరేషాన్ల ఉన్న. హైదరాబాద్ సాబ్ రాడంట. వాళ్లింట్ల నిశ్చితార్థం పడ్డదంట. ఫైనల్‌కు మీరే విజిల్ పట్టాలె."

"నేనా? బాషా భాయ్, జర ఆలోచన చెయ్. నాకు రెండు దిక్కుల చుట్టాలు."

"అందుకే గద సార్ మీరు మంచిగ! ఒక దిక్కే చుట్టాలుంటె పక్షపాతం. రెండు దిక్కుల ఉంటె ఇన్సాఫ్. ఉంట సార్, టెంటోడు వచ్చిండు."

ఫోన్ ఆగిపోయింది. మల్లికార్జున్ ఫోన్ కింద పెట్టాడు. కరుణ అతని ముఖం చూసి విషయం మొత్తం గ్రహించింది. ఒళ్లో ఉన్న పాపను భుజం మీదికి మార్చుకుంది.

పాప పేరు భవ్యశ్రీ. వచ్చే నెలలో పాపకు పుట్టువెంట్రుకలు తీయాలి. వేడుక యాలాల్‌లో, తాత నర్సప్ప ఇంట్లో. కత్తెర పెట్టాల్సింది మాత్రం మేనమామ చంద్రకాంత్ ఒళ్లో కూర్చోబెట్టి. అంటే రెండు ఊళ్లవాళ్లూ ఒకే పందిట్లో నవ్వుతూ నిలబడాలి. కబడ్డీ విషయంలో ఈ రెండు ఊళ్లకు ఒక చరిత్ర ఉంది. పూర్వం ఎప్పుడో ఒక కూత మీద తగువొచ్చి, గీత దాటాడని వీళ్లు, దాటలేదని వాళ్లు, ఏళ్ల తరబడి ఒకరి పెళ్లికి ఒకరు పోలేదు. మల్లికార్జున్, కరుణల పెళ్లితోనే మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి. ఆ తగువు తెచ్చిన అంపైరు తర్వాత ఈ జిల్లాలోనే కనబడలేదు.

"యాలాల్ గెలిస్తె మా అమ్మ నా మొకం చూడది," అంది కరుణ.

"దోమ గెలిస్తె మా నాయిన నా మొకం చూడడు."

"పిల్ల నెత్తి మీద ఎంటికలు గట్లనే ఉంటయ్ ఇగ. ఇంటర్ దాంక జడలేసుకుంట కూసుంట."

ఆ రోజంతా మల్లికార్జున్ ఆలోచించాడు. జ్వరం అంటే మాత్ర వేసుకుని రమ్మంటారు. సెలవు దొరకలేదంటే ఆదివారం సెలవేమిటని నవ్వుతారు. సాయంత్రానికి ఒక ఆలోచన మెరిసింది. అంపైరు అంటే గీతల వెంట పరుగెత్తాలి. పరుగెత్తాలంటే కాలుండాలి.

పీటీ సార్లకు కట్టు కట్టడం చేతి పని. బడిలో ప్రథమ చికిత్స పెట్టెలోని బ్యాండేజీ ఉంది. మైదానంలో గీతలు గీసే తెల్లపొడి ఉంది. అది గట్టిపడాలంటే జిగురు కావాలి. వంటింట్లో మైదా ఉడికించి, పొడి కలిపి, బ్యాండేజీ మీద పొరలు పొరలుగా పూసి, పడుకునే వేళకు ఎడమ కాలికి మోకాలి దాకా అచ్చం ఆసుపత్రి కట్టులాంటి కట్టు తయారుచేశాడు. గట్టిగానే ఉంది. కాకపోతే కొంచెం పూరీల వాసన వస్తోంది.

"ఇది మంచిగ తెల్లారది," అంది కరుణ.

"నువ్వు జర మంచి మాట మాట్లాడు. ఐదారు రోజులు ఇంట్ల కూసుంట. మ్యాచ్ అయిపోతది. కట్టు ఇప్పుత. ఎవలకేం నష్టం?"

అబద్ధం ఆడటంలో మల్లికార్జున్‌కు అనుభవం తక్కువ. అబద్ధం ఒక్కటే ఉండాలన్న మొదటి నియమమే అతనికి తెలియదు. బాషాకు ఫోన్ చేసి బాత్‌రూమ్‌లో జారిపడ్డానన్నాడు. అంతలో తమ్ముడు మల్లేశ్వర్ ఫోన్ చేశాడు. బాత్‌రూమ్ అంటే జన్మంతా నవ్వుతాడని, పిల్లలకు హైజంప్ చూపిస్తూ పడ్డానని చెప్పాడు. మరునాడు పొద్దున చంద్రకాంత్ ఫోన్ చేస్తే కరుణ ఎత్తింది. ఏం చెప్పాలో ముందుగా మాట్లాడుకోలేదు. అనంతగిరి ఘాట్‌లో బండి స్కిడ్ అయిందని చెప్పేసింది.

మధ్యాహ్నానికి తలుపు చప్పుడైంది.

అత్త బుగ్గమ్మ లోపలికి వచ్చింది. వెనకాల చంద్రకాంత్, చేతిలో బరువైన సంచి. పొద్దున్నే దోమ నుంచి పరిగి, పరిగి నుంచి వికారాబాద్ బస్సులు మారి వచ్చారు. మంచం మీద కట్టు కాలు చూడగానే బుగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అల్లుడా! ఎంత పనాయె! లెవ్వకు, లెవ్వకు. చంద్రిగా, ఆ కాళ్లు కరుణకియ్యిరా."

సంచిలో గొర్రె కాళ్లున్నాయి. కాల్చి, గీకి, శుభ్రం చేసి తెచ్చినవి. బొక్క విరిగిన మనిషికి కాళ్ల శేర్వ తాగిస్తే అతుక్కుంటుంది. మందలున్న ఇళ్లల్లో ఇది డాక్టరు చెప్పకముందే జరిగే వైద్యం.

శేర్వ పొయ్యి మీద పెట్టగానే మళ్లీ తలుపు చప్పుడైంది. ఈసారి తండ్రి నర్సప్ప, వెనకాల మల్లేశ్వర్. తాండూరులో రైలెక్కి వచ్చారు. నర్సప్ప చేతిలోనూ ఒక సంచి. అందులోనూ కాళ్లే.

వియ్యంకులిద్దరూ ఒకరి సంచి ఒకరు చూసుకున్నారు.

"ఏందన్నా, మీరు గూడ కాళ్లే తెచ్చిండ్రా?" అంది బుగ్గమ్మ.

"మా మందల పొట్టేలుయి చెల్లె. గట్టియి. దోమ గొర్రెల కాళ్లు జర సన్నగుంటయ్ గద, బలం సాలదని."

"సన్న కాళ్లల్లనే సారముంటదన్నా. లావు కాళ్లల్ల నీళ్లుంటయ్."

కరుణ రెండో గిన్నె పొయ్యెక్కించింది. కాసేపటికి రెండు గ్లాసుల్లో పొగలు కక్కే శేర్వ మల్లికార్జున్ ముందుకొచ్చింది. కుడివైపు దోమ, ఎడమవైపు యాలాల్. గదిలో నలుగురూ అతని చేతులనే చూస్తున్నారు. ముందు ఏ గ్లాసు ఎత్తినా ప్రమాదమే. అతను రెండు చేతులతో రెండూ ఎత్తి, ఒక గుక్క ఇది, ఒక గుక్క అది తాగాడు. కంగారులో కొంత కట్టు మీద ఒలికింది.

"ఎట్లున్నది?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"సమానం," అన్నాడు మల్లికార్జున్. ఆ వారంలో అతను ఇచ్చిన మొదటి తీర్పు అదే. ఎవరికీ నచ్చలేదు.

అసలు ముప్పు అప్పుడు మొదలైంది.

"ఆ హైజంప్ పిల్లలకు నోటితోని చెప్తె సాలదా కొడకా? ఈ వయసుల నువ్వు దుంకుడేంది?" అన్నాడు నర్సప్ప.

బుగ్గమ్మ తల తిప్పింది. "హైజంపేందన్నా? అనంతగిరి ఘాట్ల బండి మీదికెళ్లి పడ్డడు గద."

"బండా? ఎవలు చెప్పిండ్రు?"

"నా బిడ్డనే చెప్పె."

"మాకు మా అన్ననే చెప్పిండు," అన్నాడు మల్లేశ్వర్. అతని చూపు మెల్లగా చంద్రకాంత్ మీదికి పోయింది. "బాషా భాయేమో బాత్‌రూమ్ల జారిండన్నడు. ఇన్ని తీర్ల చెప్తుండంటె ఏదో దాస్తున్నడు నాయినా. అన్నను ఎవలో కొట్టిండ్రు."

"ఎవలో అని నా మొకం చూస్తవేంది?" చంద్రకాంత్ లేచాడు. "మా బావను మేమెందుకు కొడ్తం? కొట్టే అలవాటు ఏ ఊరోళ్లకున్నదో తాండూరంత ఎర్కే."

"ఏమన్నవ్?"

"ఇన్నదే అన్న."

ఇద్దరు కెప్టెన్లూ గది మధ్యలోకి వచ్చారు. పాప నిద్రలేచి ఏడుపు అందుకుంది. ఇంకొక్క మాట జారితే పుట్టువెంట్రుకల పందిరి ఇక్కడే కూలిపోయేలా ఉంది. మల్లికార్జున్ మెదడు మెరుపు వేగంతో పనిచేసింది. మెరుపు వేగంతో పనిచేసే మెదడు ఎప్పుడూ సరైన దారిలోనే వెళ్తుందని లేదు.

"మూడు అయినయ్!" అని అరిచాడు.

అందరూ ఆగిపోయారు.

"పొద్దుగాల బాత్‌రూమ్ల జారిన. జర నొచ్చింది. బడికి పోయి హైజంప్ల పడ్డ. ఇంకింత నొచ్చింది. దవాఖానకని పోతుంటె బండి స్కిడ్ అయింది. అప్పుడు ఇరిగింది."

కరుణ గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

"దవాఖానకు అనంతగిరి ఘాట్ మీదికెళ్లి ఎందుకు పోతర్రా?" నర్సప్ప నెమ్మదిగా అన్నాడు. కానీ ఆ ప్రశ్నను బుగ్గమ్మ గొంతు ముంచేసింది.

"ఒక్కనాడే మూడుసార్లా! దిష్టి! నరదిష్టి తగిలింది నా అల్లునికి! కరుణా, ఉప్పు తే, మిరపకాయలు తే!"

ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి కట్టు చుట్టూ తిప్పింది. పొయ్యిలో వేస్తే ఇల్లంతా ఘాటు. దగ్గుతూ, కళ్ల నీళ్లతో బుగ్గమ్మ ఒక్కసారిగా నేల మీద కూలబడింది.

"దిష్టి ఎవలదో కాదు. నాదే," అంది. "నిన్న బాషాకు ఫోన్ చేసిన అల్లుడా. నిన్ను అంపైరు కాన్నుంచి తీసెయ్యమన్న. నువ్వెంతైనా యాలాలోనివి, మీ తమ్మునికే ఇస్తవనుకున్న. ఎట్లనన్న నువ్వు రాకుంటె మంచిగుంటదని మొక్కిన. దేవుడు ఇట్ల ఇన్నడు."

నర్సప్ప గొంతు సవరించుకున్నాడు.

"నేను గూడ చేసిన చెల్లె," అన్నాడు. "వీడు పెండ్లాం మాట జవదాటడు, దోమకే ఇస్తడనుకున్న. తీసెయ్యమని చెప్పిన. బాషా సరేనన్నడు. ఇయ్యాల వీనికి ఫోన్ చేసి వద్దని చెప్తనన్నడు."

మల్లికార్జున్ ఆ మాట విని మంచం మీద వెనక్కి వాలిపోయాడు. ఒక్క రోజు. ఒక్కటంటే ఒక్క రోజు నోరు మూసుకుని ఊరుకుని ఉంటే, అడగకుండానే అతన్ని తప్పించేవారు. మైదా మిగిలేది. కాలు కాలులాగే ఉండేది.

"పాపం చుట్టుకున్నది మాకు," అంది బుగ్గమ్మ. "దీనికి ఒక్కటే ఇరుగుడు. అన్నా, నువ్వు బాషాకు ఫోన్ కొట్టు. మా అల్లుడే అంపైరుగుండాలె."

"నాయినా, వద్దు. అత్తా, కాలు..."

"నువ్వు పండుకో," అంది బుగ్గమ్మ. " ఊదేది నోటితోని గాని కాలుతోనా?"

నర్సప్ప అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అవతల బాషా సంతోషంతో అరిచిన అరుపు గదిలో అందరికీ వినపడింది. "మస్తు మాట చెప్పిండ్రు సాబ్! రెండూర్లు ఒక్క మాట మీదికి వచ్చుడు నేనెన్నడు చూడలే. సార్‌ను ఫికర్ చెయ్యొద్దనుండ్రి. గీతల కాడ ఉరుకుతందుకు ఇద్దరు పిల్లలను పెడ్త. సార్ ఎత్తు మీద కూసోని ఇన్సాఫ్ చేస్తె చాలు."

ఆదివారం పొద్దున్నే బాషా ట్రాలీ ఆటో పంపించాడు. వెనకాల ప్లాస్టిక్ కుర్చీని తాళ్లతో కట్టి ఉంచాడు. మల్లికార్జున్‌ను అందులో కూర్చోబెట్టారు. దారి పొడుగునా జనం చేతులెత్తి దండం పెట్టారు. కొందరు ఎవరో స్వామీజీ అనుకున్నారు.

తాండూరు మైదానం కిటకిటలాడుతోంది. మధ్య గీత దగ్గర బాషా తన యూనిట్ నుంచి నాపరాళ్లు తెప్పించి ఒకదాని మీద ఒకటి పేర్పించాడు. పైన కుర్చీ. కుర్చీలో అంపైరు. కట్టు కాలు ముందుకు చాపి పెట్టుకోవడానికి ఒక దిండు కూడా. పక్కనే పాపనెత్తుకుని, గొడుగు పట్టుకుని కరుణ. బాషా మైకు అందుకున్నాడు.

"భాయియో, బెహనో! అన్నలారా, అక్కలారా! ఒక్కనాడే మూడుసార్లు పడ్డా విజిల్ వదలని మన మల్లికార్జున్ సార్‌కు ఒక్కసారి గట్టిగ చప్పట్లు!"

చప్పట్లు కాదు, ఈలలు మోగాయి. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఎవరో దండ తెచ్చి మెడలో వేశారు. మల్లికార్జున్‌కు భూమి చీలి తనను మింగితే బాగుండుననిపించింది. కింద నాపరాళ్లున్నాయి కాబట్టి అది కూడా అయ్యే పని కాదు.

ఆట మొదలైంది. ఆట బాగానే సాగింది. చంద్రకాంత్ కూతకు వెళ్తే గాలి వెళ్లినట్టుంది. మల్లేశ్వర్ పట్టు పడితే తాళం వేసినట్టుంది. మల్లికార్జున్ పైన కూర్చుని చూసింది చూసినట్టు చెప్పాడు. యాలాల్‌కు ఒక పాయింటు, దోమకు ఒక పాయింటు. ఎవరూ నోరెత్తలేదు. కాలు విరిగిన మనిషిని ఎవరు తిడతారు? జీవితంలో ఏ అంపైరూ ఇంత మర్యాద చూసి ఉండడు. ఇది మంచిగానే ఉందే అనుకున్నాడు.

అప్పుడు మొదటి చీమ కుట్టింది.

నాపరాళ్ల సందుల్లో ఎర్రచీమలుంటాయి. మైదా జిగురు శేర్వకు తడిసి, ఇన్ని రోజులు మగ్గిన కట్టు వాటికి పెళ్లి విందు. ఒకటి వచ్చింది, రుచి చూసింది, చుట్టాలకు కబురు పెట్టింది. రెండో సగం మొదలయ్యేసరికి కట్టు లోపల ఒక పెళ్లి బారాత్ నడుస్తోంది.

మల్లికార్జున్ కదలలేడు. గోక్కోలేడు. కట్టు మీద గోక్కుంటే నవ్వుతారు, అదిరిపడితే అనుమానిస్తారు. పళ్లు బిగించాడు. ఒక కన్ను తనంతట తనే మూసుకుపోయింది.

"బావ మల్లేశ్వర్‌కు కన్ను గీటుతున్నడు!" దోమ గుంపులో ఎవరో అన్నారు.

కన్ను తెరిచి తల అటు తిప్పాడు. మెడ గిరుక్కున వంగింది.

"దోమ అల్లుడు అత్తగారి దిక్కు తల ఊపుడు చూడుండ్రి," యాలాల్ గుంపులో గుసగుస.

"నొప్పికి మెలికలు తిరుగుతుండు పాపం," అంది బుగ్గమ్మ, లేచి నిలబడి. "అయినా కుర్చీ ఇడుస్త లేడు. అదీ నా అల్లుడంటె!"

"ఏందయ్యా, కట్టుల ఏమైంది?" కరుణ గొడుగు చాటున గుసగుసగా అడిగింది.

"చీమలు."

"ఎన్ని?"

"అన్ని."

కరుణ గొడుగు కిందికి దించి ముఖం దాచుకుంది. ఈసారి కూడా జనం ఆమె ఏడుస్తోందనే అనుకున్నారు.

రెండు జట్ల పాయింట్లూ సమానమయ్యాయి. ఆఖరి కూత. చంద్రకాంత్ గీత దాటి లోపలికి వెళ్లాడు. మైదానమంతా "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" ఒక్కటే వినిపిస్తోంది. అతను మూల మనిషిని తాకినట్టే తాకి వెనక్కి తిరిగాడు. అప్పుడు మల్లేశ్వర్ కింద నుంచి వచ్చి చీలమండ పట్టుకున్నాడు. చంద్రకాంత్ పడ్డాడు. పడి, కూత ఆపకుండా, చేయి చాచి, మధ్య గీత వైపు పాకాడు. జానెడు దూరం. బెత్తెడు. వేలెడు.

సరిగ్గా ఆ క్షణంలో, కట్టు లోపలి బారాత్ మోకాలి వెనకకు చేరి, అందరూ కలిసి కుట్టారు.

మల్లికార్జున్ కేక పెట్టాడు. కుర్చీ వెనక్కి పోయింది. దండ తెగిపోయింది. అతను నాపరాళ్ల గుట్ట మీది నుంచి గాల్లోకి లేచి, రెండు కాళ్ల మీద, సరిగ్గా మధ్య గీత పక్కన దిగాడు. అది ఆ బడి పిల్లలెవరూ చూడని హైజంప్. దిగీ దిగగానే ఎడమ కాలు నేలకేసి దబదబా కొట్టాడు. కట్టు పెంకులు పెంకులుగా పగిలి అప్పడాల్లా ఎగిరింది. లోపలి నుంచి నిక్షేపంగా ఉన్న ఒక కాలు బయటికి వచ్చింది. అతను గంతులేస్తూ రెండు చేతులతో దాన్ని బరబరా గోక్కున్నాడు.

విజిల్ మాత్రం ఊదాడు. అదెలా ఊదాడో అతనికే తెలియదు.

తర్వాత మైదానంలో చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం.

"కాలు!" అన్నాడు నర్సప్ప.

"కాలు!" అన్నారు రెండు ఊళ్లూ.

బాషా మైకు పట్టుకుని నోరు తెరిచాడు. "సార్‌కు... కాలు... అల్లాహ్!" అంతకంటే మాట రాలేదు.

మొదట తేరుకున్నది మల్లేశ్వర్. "అన్నా, కాలు సంగతి తర్వాత. గీత ముట్టిండా లేదా?"

గీతల దగ్గర పెట్టిన ఇద్దరు పిల్లలను బాషా చూశాడు. వాళ్లు సార్ కాలు చూశామన్నారు. జనాన్ని అడిగాడు. అందరూ సార్ కాలే చూశారు. చంద్రకాంత్ నేల మీది నుంచి లేస్తూ సిగ్గుపడ్డాడు. "నేను గూడ బావ కాలే చూసిన. చెయ్యి యాడున్నదో నాకే ఎర్కలే."

అంత పెద్ద మైదానంలో ఆ వేలు ఎక్కడ ఆగిందో చూసిన మనిషి ఒక్కడే. ఎందుకంటే అతను సరిగ్గా దాని పక్కనే దిగాడు.

మల్లికార్జున్ అటు చూశాడు, తండ్రి. ఇటు చూశాడు, అత్త. రాళ్ల గుట్ట పక్కన కరుణ, ఆమె చేతుల్లో జడలు వేయదగ్గ జుట్టుతో భవ్యశ్రీ. ఇప్పుడు అబద్ధం చెప్పే ఓపిక కూడా అతనిలో లేదు. కాలు మంటగా ఉంది.

"ముట్టలే," అన్నాడు. "వేలెడు దూరంల ఆగిండు. దోమ అవుట్. యాలాల్ గెలిచింది."

యాలాల్ గుంపు కేకలు వేయబోయి ఆగిపోయింది. సంతోషపడొచ్చో లేదో వాళ్లకే తెలియలేదు. దోమ గుంపులో కలకలం. "ఎట్ల నమ్మాలె? ఇన్నొద్దులు కాలు ఇరిగిందని పండుకున్నోని మాట ఎట్ల నమ్మాలె?" బుగ్గమ్మ గుంపును చీల్చుకుని గీత దగ్గరికి వచ్చింది. మల్లికార్జున్ రెండడుగులు వెనక్కి వేశాడు. రెండు కాళ్లతోనూ.

"అల్లుడా, ఎందుకు చేసినవ్ ఇట్ల?"

"భయమై అత్తా. దోమ గెలిస్తె నాయిన అటెంక తిరుగుతడు. యాలాల్ గెలిస్తె మీరు తలుపు మూసుకుంటరు. పిల్ల పుట్టెంటికలకు ఒకలుంటె ఒకలుండరు. కాలు ఇరిగిందంటె ఈ బాధ తప్పుతదనుకున్న."

"అనంతగిరి ఘాట్?"

"లేదత్తా."

"హైజంప్?"

"లేదు."

"మా గొర్రెల కాళ్ల శేర్వ, వీళ్ల కాళ్ల శేర్వ సమానమంటివి. అదన్న నిజమేనా?"

మల్లికార్జున్ నేల చూపులు చూశాడు. "దోమదే మంచిగుండె అత్తా."

"ఓరి!" అన్నాడు నర్సప్ప.

ముందు నవ్వింది చంద్రకాంత్. ఒళ్లంతా మట్టితో, మోచేతులు గీరుకుపోయి, ఫైనల్ ఓడిపోయి, కడుపు పట్టుకుని నవ్వాడు. మల్లేశ్వర్ అతని భుజం మీద వాలి నవ్వాడు. ఆ నవ్వు రెండు గుంపులకూ అంటుకుంది. చీమలు కుట్టినచోట గోక్కుంటూనే మల్లికార్జున్ కూడా నవ్వాడు. "పిల్లను నా ఒళ్లనే కూసోబెట్టాలె బావా," అన్నాడు చంద్రకాంత్, కళ్లు తుడుచుకుంటూ. "కప్పు పోయిందని మేనకోడలిని ఇడుస్తనా?"

బాషాకు మాట తిరిగి వచ్చింది. మైకులో ప్రకటించాడు. కప్పు యాలాల్‌కు. తగువు లేకుండా ఫైనల్ ముగియడం ఇదే మొదటిసారి కాబట్టి, పైయేడు కూడా అంపైరు మల్లికార్జున్ సారే. అభ్యంతరమున్న ఊరు చేయెత్తాలి.

మల్లికార్జున్ గబగబా తన చేయే ఎత్తాడు. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నర్సప్ప వియ్యపురాలి పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "మేము గెలిచినం, నా కొడుకే, అయినా అడుగుత చెల్లె. ఇన్ని అబద్ధాలాడినోని మాట మీద మ్యాచ్ ఇడిచిపెడితివి. పైయేడు గూడ వీడేనంటుండ్రు, చెయ్యెత్తవేంది?"

బుగ్గమ్మ కొంగు దులుపుకుంది.

"అబద్ధమాడితె ఇంతమందికి దొరికిపోయేటోడు అంపైరుగ దొరుకుడు మస్తు కష్టమన్నా."